కొరికి వదిలేసిన ఉండ

నిమ్మకాయ తొక్క గీకేటప్పుడు పైనున్న పసుపు మాత్రమే రాలాలి. కింద తెల్లది తగిలిందంటే ఉండ చేదెక్కుతుంది. అదీ వెంటనే తెలియదు. ఫ్రిజ్‌లో ఓ పూట కూర్చున్నాక తెలుస్తుంది, తీరా అప్పటికి ట్రేలు పార్టీకి వెళ్ళిపోయి ఉంటాయి. కోడలికి ఈ పని కొట్టినపిండి. కాయని అరచేతిలో తిప్పుకుంటూ తురుముపళ్లెం మీద అలా తగిలించి ఇలా తీస్తోంది. గిన్నె అడుగున పచ్చటి పొడి పేరుకుంది. గిన్నెని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. ఏమీ రాలేదు. మంచినీళ్ళ గ్లాసు పెట్టుకున్నా ఇంతే.

చలికాలంలో వచ్చిన జ్వరం పోతూపోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది. నాలుక మీద తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, అంతవరకే. అది నిమ్మకాయ పులుపో నిమ్మ ఉప్పు పులుపో చెప్పమంటే చెప్పలేదు. ఇవాళ వస్తుంది, రేపొస్తుంది అని ఎదురుచూసింది. రాలేదు. ఎవరికి చెప్పుకుంటుంది? పార్టీలకి తీపి చేసే మనిషికి ముక్కు పనిచెయ్యదని తెలిస్తే ఎవడు పనిస్తాడు? ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు, అత్తా కోడలూ. వాళ్ళని ఒకచోట చేర్చిన మనిషి ఫోటోలోకి వెళ్ళిపోయాడు. ఇద్దరికీ నాలుగు వేళ్ళు నోట్లోకి వెళ్ళాలంటే ఈ ఉండలు చెల్లాలి. అందుకే కోడలు నోరు మూసుకుంది.

సరుకు ఫంక్షన్ హాలు వాళ్ళది, చెయ్యి ఈమెది. అదీ ఒప్పందం. బిస్కెట్లు, తీపి పాల డబ్బాలు, ఎండుకొబ్బరి పొడి, నిమ్మకాయలు అన్నీ హాలు స్టోరు నుంచే వస్తాయి. పొయ్యి వెలిగించే పనే లేదు. బిస్కెట్లని గుడ్డసంచిలో పోసి కర్రతో నలగ్గొట్టి, పాలు పోసి, తొక్క పొడి కలిపి, రసం పిండితే ముద్ద దానంతటదే బిగుస్తుంది. తడిచేత్తో ఉండలు చుట్టి, కొబ్బరిలో దొర్లించి, చిన్న కాగితపు గిన్నెల్లో కూర్చోబెట్టడమే. హాల్లో ఆమెని అందరూ ఉండలమ్మ అంటారు. పుట్టినరోజైనా పదవీ విరమణైనా, ఇవి లేకుండా మేనేజరు మెనూ రాయడు.

ఆ రోజు కొబ్బరి సంచి విప్పగానే వేళ్ళకి కొంచెం జిడ్డుగా తగిలింది. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూసింది. తెలుపే, కాకపోతే ఉతికి ఉతికి పాతబడిన చొక్కా తెలుపు. బాగుందా, పాడైందా? ముక్కున్న మనిషికి ఒక్క పీల్పులో తేలిపోయే సంగతి. ఆమె మాత్రం సంచిని చూస్తూ చాలాసేపు నిలబడింది. చివరికి రెండు ఉండలు చుట్టి, ఒకటి పట్టుకుని కింద వాటాలో టైలరు దగ్గరికి వెళ్ళింది.

టైలరు బాబాయ్ మంచివాడు. మరీ మంచివాడు, అదే వచ్చిన చిక్కు. ఏ గుడ్డ తెచ్చినా మీకోసమే నేసినట్టుందండీ అనే రకం. ఉండ నోట్లో వేసుకుని, మిషను ఆపి, తల ఊపాడు. అమృతంలా ఉందమ్మాయ్ అన్నాడు. వాసనెలా ఉంది బాబాయ్ అని రెట్టించి అడిగింది. వాసనకేం, దివ్యంగా ఉంది అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

రెండోది ఎప్పటిలాగే చిన్న పళ్లెంలో పెట్టి అత్తకిచ్చింది. ఏ ఆర్డరు చేసినా మొదటి వాయిలో ఒకటి అత్తది. అత్తకి మోకాళ్ళ నొప్పి, మంచం దిగి కిటికీ దాకా రావడమే గగనం. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. ఒకసారి తీపి ఎక్కువంటుంది, ఇంకోసారి సున్నం ముద్దలా ఉందంటుంది, మరోసారి దీన్ని డబ్బులిచ్చి తినే వెర్రివాళ్ళెవరే అంటుంది. బాగుందన్న మాట ఆవిడ నోట విన్నవాళ్ళు లేరు.

ఆ రోజూ కొరికి, మొహం ముడుచుకుని, "కంపు కొడుతోంది" అంది.

ఎప్పుడూ ఉన్న పాటే కదా అని కోడలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. చేతులు కడుక్కుని, మిగతా ముద్దంతా చుట్టడానికి కూర్చుంది. సాయంత్రానికి ట్రేలు హాలుకి చేరాయి.

మర్నాడు పొద్దున్నే హాలు నుంచి కబురొచ్చింది, ట్రేలు పట్టుకెళ్ళమని. ఖాళీ ట్రేల కోసం కబురు పెట్టరు. అవి పెరట్లో కుళాయి దగ్గర పడుంటాయి, వెళ్ళినప్పుడు తెచ్చుకోవడమే. కోడలు గబగబా బయల్దేరింది.

వెనక గుమ్మంలోంచి వంటగదిలోకి అడుగుపెట్టేసరికి ట్రేలు బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. సగానికి పైగా ఉండలు అలాగే ఉన్నాయి. మిగతా సగం అంతకంటే దారుణం. ఒక్కో దాన్ని ఒక్కొక్కరు కొరికి, కాగితం చేతిరుమాలులో చుట్టి, ప్లేటు కింద దాచి, పూలకుండీలో పడేసి వెళ్ళారు. ఊడ్చేవాళ్ళు అవన్నీ ఏరి తెచ్చి ఒక బకెట్లో పోశారు. మేనేజరు ఆ బకెట్ని బూటుతో ఆమె ముందుకి నెట్టాడు.

ఎవరో పెద్దాఫీసరు పదవీ విరమణ పార్టీ అట. ఆయన భార్య సబ్బుముక్క కొరికినట్టు ఉమ్మేసిందట. మేనేజరు అదంతా చేతులూ మొహమూ తిప్పుతూ నటించి మరీ చూపించాడు. పాతనూనె కంపు గది అవతలికి కొడుతోందన్నాడు. చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది కదా, చుట్టేటప్పుడు నీ ముక్కు ఎక్కడ పెట్టుకున్నావమ్మా అన్నాడు. గిన్నెలు తోమే ఆవిడ నీళ్ళు ఆపేసి వింటోంది. వంటమేస్త్రీ బాణలి దగ్గర గరిట పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

కొబ్బరి మీది కదా సార్. ఈ మాట ఆమె గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే, మరి సంచి విప్పినప్పుడు వాసన రాలేదా, అప్పుడే తిప్పి పంపలేదేం అని అడుగుతాడు. అడిగితే ఏం చెబుతుంది? వాసన వచ్చినా చేశానంటే దొంగ అవుతుంది, రాలేదంటే పని పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కాబోలు అనుకుంది.

"తప్పయిపోయింది సార్" అంది.

ఆ మాట వినగానే మేనేజరు మొహం ఎంత తేలికపడిందో వంటమేస్త్రీ చూశాడు, కోడలు చూడలేదు. ఆమె నేల చూస్తోంది. మేనేజరు అక్కడికక్కడే ఆఫీసరు ఇంటికి ఫోను కలిపాడు. మా సరుకు ఒకటో రకమండీ, చేసే మనిషే నిర్లక్ష్యం చేసింది, ఇదిగో నా ఎదురుగానే ఒప్పుకుంది అని చెప్పాడు. ఫోను జేబులో పెట్టుకున్నాక గొంతు తగ్గించాడు. ఆదివారం ఒక పిల్లాడి పుట్టినరోజు ఉంది, పాతదానివని ఇంకొక్క అవకాశం ఇస్తున్నా, అదీ చెడితే ఇక ఈ గడప తొక్కకు అన్నాడు. స్టోరతను బిస్కెట్లూ పాలడబ్బాలూ ఆమె సంచిలో సర్దాడు. వాటిపైన కొబ్బరి. జిడ్డుగా ఉందో లేదో సంచి మీంచి తెలియలేదు.

దారంతా ఆమెకి ఆ బకెట్టే కళ్ళముందు ఆడింది. తన చేత్తో చుట్టినవి. జనం కొరికి దాచుకున్నారు. తిడితే బాగుండును, దాచుకున్నారు. ఇంటికొచ్చి, సంచి దించి, మంచినీళ్ళు కూడా తాగకుండా నిన్నటి గిన్నెలు తోమడానికి కూర్చుంది. అత్త మంచం పక్కనున్న పళ్లెం తీయబోతే అందులో ఉండ ఉంది. ఒక అంచు మాత్రం కొరికి ఉంది. మిగతాదంతా గుండ్రంగా, కొబ్బరితో సహా, అలాగే ఉంది.

కోడలు ఆ పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. ఈ ఇంట్లో ఆ పళ్లెం ఎన్నడూ ఇలా తిరిగి రాలేదు. తీపి ఎక్కువన్న రోజూ, సున్నం ముద్దన్న రోజూ, వెర్రివాళ్ళెవరే అన్న రోజూ, పళ్లెం మాత్రం నాకినట్టు వచ్చేది. వేలికి తడి చేసుకుని రాలిన కొబ్బరి కూడా అద్దుకు తినేది అత్త. నోటితో తిట్టేది, చేత్తో తినేది. టైలరు బాబాయ్ మాట పట్టుకుంది కానీ తను ఈ పళ్లెం వంక చూడనేలేదు. ఎంత గుడ్డిదాన్ని అనుకుంది. ముక్కు పోయిన మాట నిజం, కళ్ళకేమొచ్చింది?

"ఇది తినలేదేం అత్తయ్యా?"

"కంపని చెప్పాగా."

"మీరు రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఏది నిజమని వినను?"

అత్త చీర అంచు లాగి మోకాళ్ళ మీద సర్దుకుంది. అవునే, అంటాను, ఇంత బతుకూ అలాగే బతికాను అంది. నా కొడుకుంటే నవ్వి ఊరుకునేవాడు, నీకు నవ్వడం రాదు అని కూడా అంది. ఆ తర్వాత కోడలి వంక సూటిగా చూసి, మెల్లగా, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగింది.

"ఎప్పుడు పోయిందే నీ ముక్కు?"

కోడలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. అత్తకి ఎప్పుడో తెలుసట. చలికాలంలోనే తెలుసట. టీ కోసమని పెట్టిన పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కమ్ముకుంటే, పొయ్యి పక్కనే కూర్చుని నువ్వు తీరిగ్గా బిస్కెట్లు నలగ్గొడుతున్నావు, నేనే పాక్కుంటూ వచ్చి కట్టేశాను, నువ్వు లేచి చూసి, పాలు తక్కువ పోశానేమో అనుకున్నావు అంది. మరి అడగలేదేం అంటే, నువ్వే చెబుతావని చూశానంది. చూసీ చూసీ, నీకు నేనంటే అంత నమ్మకం లేదు కాబోలని ఊరుకున్నానంది. కోడలు ఏడ్చింది. అత్త ఓదార్చలేదు, ఆవిడకి ఆ విద్య రాదు. కొత్త కొబ్బరి తెచ్చావా, ఏదీ పట్టుకురా అంది.

కొత్త సంచిలో అత్త చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, ముక్కు దాకా కూడా తీసుకెళ్ళలేదు. మధ్యలోనే ఆపేసి చెయ్యి దులిపేసుకుంది.

"ఇదీ అదే."

కోడలికి పిచ్చెక్కినంత పనైంది. మళ్ళీ అదే పాడు కొబ్బరి. ఎల్లుండి పొద్దున్నకి ట్రేలు హాల్లో ఉండాలి. అంత ఎండుకొబ్బరి పొడి బయట కొనే స్తోమత లేదు. పచ్చి కొబ్బరి కొని తురుముదామంటే, అది ఎండేదెప్పుడు, తడి కొబ్బరితో చేస్తే పార్టీ దాకా ఆగుతుందా? ఒక పని చేసింది. తురుముపళ్లెం తీసుకుని రెట్టింపు కాయలు గీకింది. నిమ్మ ఘాటు కింద ఆ కంపు అణిగిపోతుందేమోనని ఆశ. ఒక్కటంటే ఒక్క ఉండ చేసి అత్తకిచ్చింది. అత్త కొరికింది, పళ్లెంలో పెట్టేసింది. ఇంట్లో ఉన్న నారింజ తొక్క కూడా గీకి ఇంకోటి చేసింది. కొరికింది, పెట్టేసింది. కొబ్బరిని పెనం మీద దోరగా వేయించి చేసింది. ఈసారి అత్త కొరికిన ముక్క కూడా మింగలేక అరచేతిలోకి ఊసింది. శవాన్ని ఎంత సింగారించినా శవమేనే అంది.

పళ్లెంలో కొరికినవి పక్కపక్కనే కూర్చున్నాయి. కోడలు వాటి ముందు మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. వేళ్ళ చివర్లు తొక్క గీకి గీకి మండుతున్నాయి. అయిపోయింది అత్తయ్యా, ఇక మనకి దారి లేదు అంది. చేసి పట్టుకెళ్తే మళ్ళీ బకెట్టు, చెయ్యకపోతే ఇంటికి. ఏదైనా ఒకటే. పోనీ సంచి తీసుకెళ్ళి పాడైందని చెబితే, నీకెలా తెలుసని అడుగుతాడు, ఆయన అనుమానం మనిషి, అక్కడ దొరికిపోతాను అని ముక్కలు ముక్కలుగా చెప్పింది. చెబుతున్నకొద్దీ ఇంకా భయమేసింది.

అత్త విసుక్కుంది.

"ముక్కు పోతే పోయింది. నోరేమైందే నీకు?"

శనివారం పొద్దెక్కాక కోడలు కొబ్బరి సంచి చంకన పెట్టుకుని హాలు వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగింది, వెనక్కి తిరిగింది, మళ్ళీ ఆగింది. లోపల మేనేజరు గొంతు వినిపిస్తోంది, ఎవరినో కూరలు సన్నగా తరగలేదని కేకలేస్తున్నాడు. ఇంకో నిమిషం ఆగితే ఇంటికి పారిపోతానని తెలిసే లోపలికి నడిచింది.

సంచి బల్ల మీద పెట్టి, ఈ కొబ్బరి పాడైంది సార్, ఇంకోటి ఇప్పించండి అంది.  మేనేజరు ఆమెని పైనుంచి కిందికి చూసి నవ్వాడు. మొన్న తెలియని ముక్కుకి ఇవాళ తెలిసిందా అన్నాడు. స్టోరతన్ని పిలిచి, కొత్తగా వచ్చిన పెట్టెలోంచి ఒక ప్యాకెట్ తెమ్మన్నాడు. రెండు గిన్నెలు తెప్పించి, ఆమెకి వీపు తిప్పి, ఒకదాంట్లో ఆమె తెచ్చినదీ, ఇంకోదాంట్లో కొత్తదీ పోశాడు. కొబ్బరి మీద చెయ్యి పెట్టనివ్వకుండా గిన్నెలు తనే పట్టుకుని ఆమె ముక్కు కింద పెట్టాడు.

"ఏది పాడైందో చెప్పమ్మా, ఉండలమ్మా."

తోమే ఆవిడ నీళ్ళు కట్టేసింది. కూరలు తరిగేవాళ్ళ కత్తులు ఆగాయి. కోడలు వంగి మొదటి గిన్నె పీల్చింది. రెండోది పీల్చింది. ఏమీ లేదు. మళ్ళీ మొదటిది పీల్చింది. ఊపిరి చల్లగా లోపలికి వెళ్ళి, ఖాళీగా బయటికొచ్చింది. ఏదో ఒక గిన్నె చూపించవచ్చు, తగిలితే తగులుతుంది. కుడిచేతిది చూపిద్దామని వేలు కూడా ఎత్తింది. ఎత్తిన వేలు దింపేసింది. ఇవాళ తగిలినా రేపు? ఎల్లుండి? బతికినన్నాళ్ళూ ఇలా గిన్నెల మధ్య గుడ్డిగా వేలు చూపిస్తూ బతకాలా?

"నాకు తెలియదు సార్" అంది. "జ్వరం వచ్చినప్పుడు నా ముక్కు పోయింది. నాకే వాసనా రాదు. మా అత్తయ్య చూసి పాడైందని చెప్పింది."

 మేనేజరు గిన్నెలు బల్ల మీద దించి చేతులు చాచి అందరి వంకా చూశాడు. విన్నారా, విన్నారా అన్నాడు. ముక్కు లేని మనిషి చేత ఇన్నాళ్ళూ జనానికి తినిపిస్తున్నామా, మొన్నటి పరువంతా ఇందుకా పోయింది అన్నాడు. ఆమె ఇన్ని నెలలూ ఏ మాటకి భయపడిందో ఆ మాట బయటికొచ్చేసింది, ఇక పోవడానికేమీ మిగల్లేదు. చిత్రంగా, భయం కూడా మిగల్లేదు.

"నాకు లేదు సార్, నిజమే. మీకుంది కదా. మీరు చూసి చెప్పండి."

మేనేజరు ఒక్క క్షణం తడబడ్డాడు. అందరూ చూస్తున్నారు. ఆమె తెచ్చిన కొబ్బరి ఉన్న గిన్నెనే ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇందులో ఏముంది, కొబ్బరి కొబ్బరి వాసనే వస్తుంది, బాగానే ఉంది అన్నాడు. అయితే ఒక చెంచా నోట్లో వేసుకోండి సార్ అంది ఆమె. అనడంలో ఎకసెక్కం లేదు. అత్తకి పళ్లెం ఇచ్చినట్టే, బాణలి పక్కనున్న చెంచా తుడిచి ఇచ్చింది.

తినకపోతే ఎందుకు తినలేదంటారు. మేనేజరు చెంచాడు తీసి నోట్లో పోసుకున్నాడు. నమిలాడు. నమలడం నెమ్మదైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కక్కలేడు, మింగలేడు. వంటమేస్త్రీ గరిట పక్కన పెట్టి, ఎంతో మర్యాదగా ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టాడు. మేనేజరు గ్లాసు అందుకోలేదు. గబగబా తోమే కుళాయి దగ్గరకి వెళ్ళి, అందరికీ వీపు తిప్పి, ఉమ్మేశాడు. పుక్కిలించాడు, మళ్ళీ ఉమ్మేశాడు. ఆ చప్పుడు అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు.

తిరిగొచ్చి మూతి తుడుచుకుని, స్టోరతని మీద పడ్డాడు. సరుకు ఎండ తగిలేచోట పెట్టావంటే నీ సంగతి చూస్తా అన్నాడు. కోడలి వంక చూడకుండానే, ఆ కొత్త ప్యాకెట్ ఆమెకివ్వు అన్నాడు. "ఈసారికి చెయ్యి. తర్వాత సంగతి తర్వాత" అని గొణిగి ముందు హాల్లోకి వెళ్ళిపోయాడు. నిన్న ఆఫీసరు ఇంటికి చేసిన ఫోను సంగతి ఎత్తలేదు. ఎత్తుతాడని ఆమె అనుకోనూ లేదు.

ప్యాకెట్ సంచిలో పెట్టుకుని బయల్దేరబోతుంటే వంటమేస్త్రీ పిలిచాడు. ఎక్కడికి చెల్లెమ్మా, ఇంటికెళ్ళి ప్రతిదానికీ మీ అత్తయ్యనేం కష్టపెడతావు, ఇక్కడే కూర్చుని చెయ్యి, ముక్కులకి మేమున్నాంగా అన్నాడు. తరిగేవాళ్ళు జరిగి బల్ల చివర చోటిచ్చారు. స్టోరతను తలవంచుకుని బిస్కెట్లూ పాలడబ్బాలూ నిమ్మకాయల బుట్టా తెచ్చి పెట్టాడు. ఆమె కూర్చుని, తురుముపళ్లెం కడుక్కుని, కాయ అందుకుంది.

రెండు కాయలు గీకిందో లేదో, తోమే ఆవిడ తలెత్తి, అబ్బ అంది, ఎంత బాగా వస్తోందో. తరిగే పిల్ల కళ్ళు మూసుకుని ఊపిరి లాగింది. వంటమేస్త్రీ కూడా బాణలి మీంచి మొహం ఇటు తిప్పాడు. కోడలు వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. పసుపు అంటుకున్న వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. కళ్ళు నిండాయి.

"వస్తోందా అన్నా?" అని అడిగింది.

"వస్తోంది చెల్లెమ్మా. వంటగదంతా నిండిపోయింది."

ఆమె తల ఊపి, ఇంకో కాయ తీసుకుంది.